ఎడమవైపు లోపం

చెవిమేస్త్రి తన చేతులతో బిగించిన వాల్వు యాంప్లిఫయర్‌కి మొట్టమొదటిసారి స్విచ్చి వేసినప్పుడు సంగీతం రాలేదు. ముందు ఫ్యాను ఆగింది. తర్వాత ఫ్రిజ్జు ఆగింది. ఆ తర్వాత మేడమీద బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్న టీచరమ్మ "అయ్యో!" అనడం స్పష్టంగా వినిపించింది. ఆ యాంప్లిఫయర్ పుణ్యమా అని ఇంట్లో వాళ్లు విన్న మొదటి పాట అదే. మేస్త్రి ఏమాత్రం తొణక్కుండా వంటింటివైపు తిరిగి, "మన ఫ్యూజు భేషుగ్గా పనిచేస్తోందే," అన్నాడు.

ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. బస్సు డిపోలో ముప్ఫైమూడేళ్లుగా మెకానిక్కు. పొద్దున్నే బస్సులు బయటికెళ్లే గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ప్రతి బస్సూ ఆయన పక్కకి వచ్చేసరికి నెమ్మదిస్తుంది. ఆయన కళ్లు మూసుకుని వింటాడు. "దీని బెల్టు మూలుగుతోంది, రేపటికి తెగుతుంది," అంటాడు. లేదా, "రెండో సిలిండరు దగ్గుతోంది, వెనక్కి తిప్పు," అంటాడు. విప్పి చూస్తే అంతే. కొత్తగా వచ్చిన ఇంజనీరొకాయన ఒక బస్సుకి కంప్యూటరు తగిలించి, గంటన్నర తంటాలు పడి, చివరికి మేస్త్రి గేటు దగ్గర అన్న మాటే అన్నాడు. అప్పట్నుంచీ ఆ కంప్యూటరు మీద గుడ్డ కప్పే ఉంది.

ఇంకో రెండేళ్లలో రిటైరవుతాననగా మేస్త్రికి ఒక కోరిక పుట్టింది. "పుట్టి బుద్ధెరిగాక రోగిష్టి చప్పుళ్లే విన్నాను. ఒక్కసారి ఆరోగ్యంగా ఉన్న చప్పుడు వినాలి," అన్నాడు భార్యతో. పాతకాలపు గాజు వాల్వులతో స్టీరియో యాంప్లిఫయర్ తయారుచెయ్యడం మొదలెట్టాడు. వాల్వులు అమ్మే ముసలాయన దుకాణం చుట్టూ ఏడాది తిరిగి నాలుగు పెద్దవీ నాలుగు చిన్నవీ సంపాదించాడు. స్పీకర్లకి చెక్క డబ్బాలు భార్య తమ్ముడు చేశాడు. అతను వడ్రంగి. రంపం పెడితే గీత మీదే పోతుందనీ, తలుపు బిగిస్తే దోమ కూడా తట్టి రావాలనీ వాడలో పేరు.

ఫ్యూజు సంగతి ఆ పూటే తేలింది. ట్రాన్స్‌ఫార్మర్ బోల్టు కింద ఒక తీగ నలిగింది. దాన్ని సరిచేసే తొందరలో, ప్లగ్గు పీకేసినా కండెన్సర్లు పగబట్టినట్టు కరెంటు దాచుకుంటాయన్న మాట మరిచిపోయి వేలు పెట్టాడు. మోచెయ్యి దాకా ఝల్లుమంది. స్క్రూడ్రైవరు ఎగిరి పప్పుడబ్బాలో పడింది. భార్య దాన్ని తీసి, కడిగి, తుడిచి, తెచ్చి ఇచ్చింది.

రెండోసారి స్విచ్చి వేస్తే వాల్వులు నారింజ రంగులో వెలిగాయి. రికార్డు తిరిగింది. ఆడగొంతు గదిలోకి నడిచొచ్చినట్టే వచ్చింది. మేస్త్రి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. పది క్షణాలకి తెరిచాడు.

"ఎడమవైపు తక్కువగా ఉంది," అన్నాడు.

పాడే మనిషి ఎదురుగా నిలబడి పాడాలి కదా, ఆవిడ కుడివైపు కిటికీ దగ్గరికి జరిగి పాడుతోంది. రెండు వైపులకీ చప్పుడు పెంచే గుండీలు వేరువేరుగా ఉన్నాయి కాబట్టి ఎడమది కాస్త పెంచొచ్చు. కానీ రోగానికి మందివ్వకుండా దుప్పటి కప్పే రకం కాదు మేస్త్రి. మీటరు పెట్టి కొలిచాడు. రెండు వైపులా చుక్క తేడా లేదు. "మీటరుకేం తెలుసు," అని పక్కన పడేశాడు.

డిపోలో ఆయన కుర్రాళ్లకి నేర్పే సూత్రం ఒకటుంది. రోగం ఎక్కడుందో తెలియకపోతే ఎడమదాన్ని కుడికీ, కుడిదాన్ని ఎడమకీ మార్చు. దాంతోపాటు రోగమూ కదిలిందా, దొంగ దొరికాడు. కదల్లేదా, ఆ వస్తువు నిర్దోషి.

వాల్వులు మార్చాడు. లోపం ఎడమవైపే ఉంది. అయినా సూత్రాన్ని పక్కనపెట్టి, వాల్వుల ముసలాయన దుకాణానికెళ్లి నలుగురిలో నిలదీశాడు. ముసలాయన ఒక్కొక్క వాల్వునీ తన పరీక్షపెట్టెలో గుచ్చి ముల్లు చూపించాడు. అన్నీ బాగున్నాయి. "మీ పెట్టెకి చత్వారం వచ్చినట్టుంది," అని వచ్చేశాడు మేస్త్రి.

తీగలు మార్చాడు. లోపం ఎడమవైపే. ఇక మిగిలింది చెక్క డబ్బా. బావమరిదిని పిలిపించాడు. అతను ఎడమ డబ్బా విప్పి మళ్లీ బిగించాడు. పది రోజులకి మళ్లీ పిలిపిస్తే కొత్త చెక్కతో మళ్లీ చేశాడు. మూడోసారి పిలిచేసరికి ఉలి సంచీ కూడా లేకుండా వచ్చాడు.

"బావా, రెండు డబ్బాలూ ఒక్క చెట్టు చెక్కే. ఒక్క చేత్తోనే కోశాను."

"ఆ చెయ్యే పోయిందేమో చూసుకోరా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బావమరిది మొహం తెల్లబోయింది. ఇరవై ఏళ్లలో ఎవరూ అతన్ని ఆ మాట అనలేదు.

"సరే. నా డబ్బాలో లోపముందని తేలితే ఈ జన్మలో మళ్లీ ఉలి పట్టను. నీ చెవిలో ఉందని తేలితే? ఆ గేటు దగ్గర స్టూలు దిగుతావా?"

"ఆ మర్నాడే దిగుతాను!"

"అక్కా, విన్నావుగా," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ గడప తొక్కలేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస," అంది భార్య. మేస్త్రి వినిపించుకోలేదు. డబ్బాలనే అటుదిటూ ఇటుదటూ మార్చాడు. అయినా లోపం ఎడమవైపే. అయితే గోడే దోషి అన్నాడు. బీరువా జరిపాడు, కిటికీ తెర పీకాడు. ఆ ఇంట్లో ఇక అనుమానించడానికి పైకప్పు ఒక్కటే మిగిలింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భార్య గది తుడుస్తూ కుర్చీని గోడవైపు తిప్పి పెట్టింది. రికార్డు తిరుగుతోంది. పరధ్యానంగా వచ్చిన మేస్త్రి కుర్చీ ఎలా ఉంటే అలాగే, స్పీకర్లకి వీపు పెట్టి కూలబడ్డాడు. మరుక్షణం ఎగిరి లేచాడు.

"కదిలింది! ఏమేవ్, లోపం కదిలింది! ఇన్నాళ్లూ నీరసంగా ఉన్న డబ్బా గట్టిగా పలుకుతోంది. రెండోది తగ్గిపోయింది!"

ఆవిడ తుడుపుకర్రతోనే పరిగెత్తుకొచ్చింది. "ఏం మార్చారు?"

"ఏమీ మార్చలేదు. ఇదిగో, ఇలా కూర్చున్నానంతే."

"అయితే మారింది ఏమిటి మరి?"

మేస్త్రి గదంతా ఒకసారి కలియజూశాడు. వాల్వులు మారలేదు. తీగలు మారలేదు. డబ్బాలు ఉన్నచోటే ఉన్నాయి. ఆ గదిలో ఎడమ కుడీ తారుమారైన వస్తువు ఒక్కటే ఉంది. దానికి బనియనూ లుంగీ ఉన్నాయి.

మెల్లిగా వేలెత్తి కుడిచెవి మూసుకున్నాడు. గదిలోని ఆడగొంతు పక్కవీధికి వెళ్లిపోయింది. వేలు తీశాడు, తిరిగొచ్చింది. మళ్లీ మూశాడు. భార్య పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. కండెన్సరు కొట్టినప్పుడు షాకు మోచేతి దాకానే వచ్చింది. ఇది అరికాళ్ల దాకా దిగింది.

"నీకు తెలుసా?" అన్నాడు వేలు తీసి.

"మనం బజారుకి నడిచేటప్పుడు నేను ఏ పక్కన నడుస్తాను?"

ఆలోచించాడు. "కుడిపక్కన."

"భోజనానికి ఎటు కూర్చుంటాను?"

"కుడివైపు. నువ్వటు మారి రెండేళ్లై ఉంటుంది కదూ. మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పానండీ. ఎడమవైపు నుంచి చెప్పినట్టున్నాను."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి ఇంకోటి. రెండేళ్ల కిందటిదాకా డిపో గేటుకి ఇవతలి స్తంభం దగ్గర కూర్చునేవాడు. బస్సులు ఎడమపక్కగా పోయేవి. ఎండ కొడుతోందని చెప్పి స్టూలు అవతలి స్తంభం దగ్గరికి మార్చాడు. అక్కడ బస్సులు కుడిపక్కగా పోతాయి. నిజానికి అవతలే ఎండ ఎక్కువ. చెవి సంగతి ఆయనకి తెలియకపోయినా ఆయన కాళ్లకి తెలుసన్నమాట!

మర్నాడు చీకటి విడకముందే డిపోకెళ్లి ఇవతలి స్తంభం దగ్గర కూర్చున్నాడు. మొదటి బస్సు వచ్చింది. పక్కనుంచి దూదిమూట దొర్లినట్టు పోయింది. రెండోదీ అంతే. మూడోదాని డ్రైవరు నెమ్మదించి, తల బయటపెట్టి ఏదో అడిగాడు. మేస్త్రి చెయ్యి ఊపి పంపేసి, స్టూలు చంకన పెట్టుకుని తిన్నగా మేనేజరు గదికెళ్లి బల్ల మీద పెట్టాడు.

"నా ఎడమచెవి పోయింది. రెండేళ్లుగా ఒక్క చెవితో లాక్కొస్తున్నాను. మీకు చెప్పకపోవడం తప్పు. నాకే నిన్న తెలిసింది."

మేనేజరు చేతిలో పెన్ను జారి కిందపడింది. స్టూలు వంకా, మేస్త్రి చెవుల వంకా మార్చి మార్చి చూశాడు.

"రెండేళ్లా? ఈ రెండేళ్లలో దారిలో ఆగిపోయిన బస్సులెన్నో తెలుసా మేస్త్రీ?"

"ఎన్ని?" మేస్త్రి బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఒకటి. అదీ డీజిలు అయిపోయి. వెళ్లి ఆ చెవి చూపించుకో, ఉన్న చెవిని జాగ్రత్తగా పెట్టుకో. స్టూలు మాత్రం ఇక్కణ్నుంచి తీసెయ్, నాకు ఫైళ్లు కనపడ్డం లేదు."

"కుదరదండీ. మాటిచ్చాను."

చెవి డాక్టరు పరీక్షచేసి, ఏళ్ల తరబడి ఎడమచెవిని ఇంజన్లకి ఒప్పగించి కూర్చున్న ఫలితమనీ, పోయింది తిరిగి రాదనీ, కుడిది కులాసాగా ఉందనీ చెప్పాడు. అక్కణ్నుంచి మేస్త్రి వడ్రంగి కొట్టుకి నడిచాడు. బావమరిది చిత్రిక పడుతున్నాడు. తలెత్తలేదు.

"డబ్బాలో లోపం లేదురా. నా ఎడమచెవిలో ఉంది."

చిత్రిక సగంలో ఆగిపోయింది.

"స్టూలు దిగావా?" అన్నాడు బావమరిది.

"దిగాను."

"ఎవడు దిగమన్నాడు నిన్ను?"

"నువ్వే కదరా!"

"కోపంలో వంద అంటాను బావా! అవన్నీ పట్టించుకుంటావా? ఉన్న ఆ ఒక్క చెవినీ తీసుకుని ఇంట్లో కూర్చుంటే, మా అక్క సాధింపులు వినడానికి తప్ప దేనికి పనికొస్తుంది?" అంటూనే మొహం పక్కకి తిప్పుకుని పొట్టు దులిపేసుకున్నాడు. "రేపు పొద్దున్న నువ్వా స్టూలు మీద లేకపోతే నేనే ఎత్తుకొచ్చి కూర్చోబెడతాను."

మర్నాడు మేస్త్రి అవతలి స్తంభం దగ్గర, ఎండలో, స్టూలు మీద ఉన్నాడు. వాల్వుల ముసలాయనకి క్షమాపణ కూడా చెప్పొచ్చాడు. ఆయన, "చెవికి స్పేర్లు నా దగ్గర దొరకవు," అని మాత్రం అన్నాడట.

ఆ ఆదివారం బావమరిది మళ్లీ గడప తొక్కాడు. మేస్త్రి యాంప్లిఫయర్ వెలిగించాడు. ఎడమవైపు గుండీని తన చెవికి సరిపోయేదాకా తిప్పుతూ పోయాడు, తిప్పుతూ పోయాడు. ఆడగొంతు కిటికీ వదిలి, నడిచొచ్చి, సరిగ్గా ఆయన ఎదురుగా నిలబడి పాడింది. మేస్త్రి కళ్లు చెమర్చాయి. మేడమీద టీచరమ్మ నేలని రెండుసార్లు తన్నింది. భార్య వంటింటి తలుపు వేసేసుకుంది.

బావమరిది ఎడమచెవి అరచేత్తో మూసుకుని, "బావా, ఎడమ డబ్బాకి చెవులు చిల్లులు పడుతున్నాయి! రెండూ సమానంగా లేవు!" అని అరిచాడు.

మేస్త్రి కళ్లు తెరవకుండానే అన్నాడు: "సమానంగానే ఉన్నాయిరా, నువ్వోసారి ఆ కుడిచెవి చూపించుకో."