రెండు పాయింట్ పదిహేను

వంతాల సోములమ్మ మా సబ్‌సెంటర్ కింద ఆశా కార్యకర్త. వయసు నలభై మూడు. ఐదో తరగతి చదివింది, అదీ మాస్టారు కొండెక్కి వచ్చిన రోజుల్లో మాత్రమే. కొండ మీద ఐదు ఊళ్ళు ఆమెవి. పొద్దున్నే బయలుదేరినా రెండు ఊళ్ళు చూసేసరికి పొద్దు వాలిపోతుంది. నేను ఆ సబ్‌సెంటర్ నర్సును. విజయనగరం వైపు నుంచి ఇక్కడికి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఓపికా అరిగిపోయింది. సోములమ్మ గురించి చెప్పాలంటే నా గురించి కూడా కొంత చెప్పక తప్పదు. అది నాకేమీ ఇష్టం లేదు.

రెండేళ్ళ క్రితం ఆశాలందరికీ ఫోన్లిచ్చారు. పసిపిల్లల బరువులు రిజిస్టర్‌లో రాయడమే కాక ఇకమీదట ఫోన్లోనూ ఎక్కించమన్నారు. ఫోన్లో అంతా ఇంగ్లీషే. మిగతావాళ్ళు ఇంట్లో చదువుకున్న పిల్లల చేత ఆ పని కానిచ్చేశారు. సోములమ్మకు పిల్లల్లేరు. నా దగ్గరికొచ్చి, ఇంగ్లీషూ లెక్కలూ నేర్పమని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. టీకాల జాబితా, మలేరియా స్లైడ్లు, అడిగిన రిపోర్టే మళ్ళీ అడిగే పై అధికారులు, వీటికి తోడు నేనిప్పుడు పంతులమ్మనా? కాదనలేక, సంత రోజు మధ్యాహ్నం ఒక గంట రమ్మన్నాను. ఎక్కడొస్తుందిలే అనుకున్నాను. ఎనిమిది కిలోమీటర్లు నడిచి వచ్చి కూర్చుంది.

మందుల డబ్బాల మీద అక్షరాలు చూపించి ఇంగ్లీషు మొదలుపెట్టాను. వెయిట్, ఫీవర్, రెఫర్. నెలకు పది మాటలు వచ్చేవి, అందులో నాలుగు పోయేవి. ఒక్కోసారి పెన్సిల్ పట్టుకునే గోడకు ఆనుకుని నిద్రపోయేది. నేను లేపేదాన్ని కాదు. బల్ల మీద తల వాల్చి నేనూ ఒక కునుకు తీసేదాన్ని. మా చదువు సగం అలాగే నడిచింది. ఈ వయసులో బుర్రకెక్కదని ఆమె ఎన్నిసార్లు అందో లెక్కలేదు. మరెందుకొస్తున్నావని విసుక్కుంటే నవ్వేది. పై వారం మళ్ళీ వచ్చేది.

ఆరు నెలల తర్వాత లెక్కల్లో పాయింట్ల దగ్గరికి వచ్చాం. రెండు పాయింట్ నాలుగు కిలోలు ఎక్కువా, రెండు పాయింట్ పదిహేను ఎక్కువా అని అడిగాను. పదిహేనే ఎక్కువ అంది, ఏమాత్రం తడుముకోకుండా. నాలుగు కన్నా పదిహేను పెద్దది కదా మరి. కాదన్నాను. నాలుగు పక్కన సున్నా పెట్టి చూపించాను. రెండు కిలోల నాలుగు వందల గ్రాములు ఒకటి, రెండు కిలోల నూట యాభై గ్రాములు ఒకటి. నమ్మలేదు. సంచిలో చోళ్ళు, అంటే రాగులు, పోసి కాటాకు వేలాడదీసి, తీస్తూ పోస్తూ చూపించాను. అంకెలు మారుతుంటే అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి, బీరువాలోంచి అంతకు ముందటేడాది రిజిస్టర్ తీసింది.

ఆమె వెతికిన పేజీ చిట్టి తొలి కాన్పుది. చిట్టి భర్త ఫల్గుణ. పై ఊరివాళ్ళు. సోములమ్మకు చుట్టాలే, అతను ఆమెను పిన్నీ అంటాడు. ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి నర్సు కార్డులో రాసిన బరువు 2.4. పద్నాలుగో రోజున సోములమ్మ అంకెలు వెలిగే కాటాతో తూచి రాసింది 2.15. పక్కన తెలుగులో 'పెరిగింది' అని రాసి ఉంది. ఫల్గుణ ఏడో తరగతి చదివినవాడు కాబట్టి అంకెలు ఎలా పోల్చాలో అతనికీ చూపించి వచ్చింది. ఇరవయ్యో రోజున పిల్ల పోయింది. కొండ మీద చలికి పోయిందనుకున్నారు అందరూ. నేనూ అలాగే రిపోర్టు రాశాను.

ఆ పేజీ అడుగున సరిచూసినట్టు నా సంతకం ఉంది. నేను సరిచూడలేదు. ముప్ఫై పేజీలు ముందు పెడితే ముప్ఫై సంతకాలు గీకి పంపాను. అంకెలు తెలియక ఆమె చేసింది, తెలిసీ నేను చేశాను. సోములమ్మ సంతకం వైపు చూసింది, నా వైపు చూసింది, రిజిస్టర్ మూసింది. ఎవరికీ చెప్పొద్దని నేను అడగలేదు. చెబుదామని ఆమె కూడా అనలేదు. ఆ తర్వాత మా చదువులో కునుకుపాట్లు లేవు. చిట్టి ఎదురుపడుతుందేమోనని సోములమ్మ పై ఊరికి చుట్టుదారిన పోయేదని తర్వాత తెలిసింది.

మొన్న పుష్యమాసంలో చిట్టికి మగపిల్లాడు పుట్టాడు. కార్డులో 2.3. పద్నాలుగో రోజున నన్ను కూడా రమ్మంది సోములమ్మ. తిట్టుకుంటూ ఎక్కాను. వసారాలో కాటా కట్టి పిల్లాణ్ణి తూస్తే 2.18 వెలిగింది. పిల్లాడు ఏడవడం లేదు, పాలూ సరిగా లాగడం లేదు. వెంటనే పాడేరు ఆస్పత్రికి దించాలన్నాను. కాఫీ పళ్ళ కోతలు జోరుగా ఉన్నాయి. డోలీ మొయ్యడానికి మనుషులు దొరకరు. ఫల్గుణకు నా మాట బొత్తిగా అర్థం కాలేదు.

"కార్డులో మూడుంది, ఇక్కడ పద్దెనిమిదుంది. పెరిగినాడు కదా పిన్నీ. ఇలా సూడాలని నువ్వే నేర్పినావు" అన్నాడు.

నేను సాకు వెతుక్కుంటున్నాను. కామెర్లలా ఉన్నాయని చెబితే సరిపోతుంది, పాత సంగతి పైకి రాదు. నోరు తెరిచేలోగా సోములమ్మ చిట్టి ముందు కూలబడింది.

"నానే తప్పు నేర్పినాను. పెద్ద గుంట కూడా ఇలాగే తగ్గింది. నాకు తెలీక పెరిగిందని సెప్పినాను. అప్పుడే కిందకి దించుంటే బతికేదేమో. ఈడూ తగ్గిపోతన్నాడు సిట్టీ. బేగి లెగండి."

ఫల్గుణ కాటా వైపే చూస్తున్నాడు. చిట్టి అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది అత్తా?"

"ఏడాది దాటింది."

చిట్టి లేచింది. పిల్లాణ్ణి గుడ్డలో చుట్టి గుండెకు కట్టుకుని గడప దాటింది. డోలీ కోసం కూడా ఆగలేదు. ఫల్గుణ కత్తీ సంచీ అక్కడే పడేసి వెనక పరుగెత్తాడు. వాళ్ళ వెనక సోములమ్మ, అందరికన్నా వెనక నేను. నా సంతకం మాట ఆమె ఎత్తలేదు. దారి పొడుగునా చెప్పడానికి నాకు రెండు గంటల సమయం ఉంది. నేనూ ఎత్తలేదు.

పిల్లాడు పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి బతికాడు. ఇప్పుడు నాలుగు కిలోలు దాటాడు. సోములమ్మ సంత రోజుల్లో ఇంకా వస్తూనే ఉంది. భాగహారాలు చేస్తున్నాం. అలసట మాత్రం ఇద్దరికీ అలాగే ఉంది. ఆమె మొహం బాగా పీక్కుపోయింది. పై ఊళ్ళో రెండిళ్ళవాళ్ళు ఆమెను గడప తొక్కనివ్వడం లేదు.

చిట్టి మాత్రం నెలనెలా పిల్లాణ్ణి తూకానికి దించుతుంది. సోములమ్మతో మాట్లాడదు. కాటా మీద అంకె సోములమ్మే చదువుతుంది, కిందటి నెలకన్నా ఎన్ని గ్రాములు పెరిగాడో పైకి చెబుతుంది. ఆమె లెక్క ఇప్పుడు తప్పడం లేదు. అయినా చిట్టి కదలదు. పిల్లాణ్ణి పట్టుకుని నా వైపు తిరుగుతుంది.

"నిజమేనా సిస్టరమ్మా? నువ్వు సెబితేనే నమ్ముతాను" అంటుంది.

సోములమ్మ తల వంచుకుని రాసుకుంటూ ఉంటుంది. నేను నిజమేనంటాను.