గంధం బొట్టు పెట్టిన హెడ్‌ఫోన్స్: తార్నాకలో రిపేరు కోసం ఒక రోజు

మా అమ్మాయి అఖిల తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. స్కాలర్‌షిప్ మొదటి విడత రాగానే ఇరవై ఎనిమిది వేలు పెట్టి వైర్లు లేని హెడ్‌ఫోన్స్ కొనుక్కుంది. హాస్టల్‌లో తన గది రోడ్డు వైపు ఉంటుంది. అవి పెట్టుకుంటే బస్సుల మోత వినపడదట, చదువు సాగుతుందట. దసరాకు వాటిని జనగామ తెచ్చినప్పుడు, కుట్టుమిషన్‌కూ స్కూటర్‌కూ పెట్టినట్టే నేను వాటికీ రెండు వైపులా తడి గంధం రాసి, కుంకుమ బొట్టు పెట్టి దేవుడి ముందు ఉంచాను. మర్నాడు తుడిచి ఇచ్చాను. దీపావళి దాటాక అఖిల ఫోన్ చేసింది. కుడివైపు నుంచి కుక్కర్ కూతలా ఈల వస్తోందని, గదిలో తోడుండే సలోమి ఒకరోజు అడిగి తీసుకుందని, ఎక్కడో కింద పడేసి చెప్పడం లేదని కోపంగా అన్నది. నాకు వెంటనే నా వేలు ఆనిన చోటు గుర్తొచ్చింది. అక్కడ సూదిమొన దూరేంత సన్నని చిల్లులు ఉన్నాయి. చెప్పాలని నోరు తెరిచాను కానీ చెప్పలేదు. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఐదో రోజు, సలోమి వేరే గదికి మారుతోందని, శనివారం మధ్యాహ్నం సామాను తీసుకెళ్తుందని తెలిసింది. అంతలోపు బాగు చేయిస్తే గొడవ దానంతట అదే సద్దుమణుగుతుంది, నేను నోరు తెరిచే పని ఉండదు అనుకుని, అఖిలకు తీరిక లేదు కదా, నేనే చేయించుకొస్తానని చెప్పి బయలుదేరాను.

శనివారం ఉదయం ఏడున్నర ప్రాంతంలో జనగామలో రైలెక్కాను. టికెట్టు యాభై రూపాయల లోపే. కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూడబుద్ధి కాలేదు. మనసులో నామాలు చదువుకుంటూ మధ్యలో లెక్క తప్పి మళ్ళీ మొదటికి వచ్చాను. తొమ్మిదిన్నరకు సికింద్రాబాద్‌లో దిగి, పది నిమిషాలు నడిచి మెట్రో ఎక్కితే మెట్టుగూడ తర్వాత వచ్చేదే తార్నాక. మెట్లు దిగేసరికి ఆటోలు వరసగా ఉన్నాయి. ఆడపిల్లల హాస్టల్‌కు రావాలంటే డ్రైవర్ ఎనభై అడిగాడు.

"మీటర్ వెయ్యరాదా అన్నా?"

"మీటర్ పండుకున్నదమ్మా, లేపితే కొడ్తది," అన్నాడు. అరవైకి ఒప్పుకుని, నా ముఖం చూసి, "బిడ్డకు పాణం మంచిగ లేదా ఏంది?" అని అడిగాడు. బాగానే ఉంది అన్నాను. ఇంకేమీ అడగకుండా చెట్ల మధ్య నుంచి మెల్లగా తీసుకెళ్ళాడు.

గేటు దగ్గర అఖిల హెడ్‌ఫోన్స్ డబ్బా చేతికిచ్చి, తనకు రెండింటి దాకా ల్యాబ్‌లో పని ఉందని, షాపు మెట్రో ఎదురు సందులోనే ఉంటుందని చెప్పింది. అప్పుడే సలోమి లోపలి నుంచి వచ్చింది. మహబూబాబాద్ వైపు పిల్ల. ఎప్పుడు కలిసినా నా చేతి సంచి అందుకునేది. ఆ రోజు దూరం నుంచే, "బాగున్నరా ఆంటీ," అని తల దించుకుని వెళ్ళిపోయింది. అఖిల ముఖం తిప్పుకుంది.

"ఆమెతోని మాట్లాడకమ్మా," అంది.

నేను ఆ డబ్బా గట్టిగా పట్టుకుని తిరిగి తార్నాక వచ్చాను.

షాపు మొదటి అంతస్తులో, ఒక టైలర్ దుకాణం పైన ఉంది. నడిపేది నలభై ఏళ్ళ మనిషి. ఏమైందమ్మా అని అడిగితే, "తెల్వది తమ్మీ, ఊరికెనే ఈల కొడ్తున్నది," అన్నాను. ఆయన తన ఫోన్‌కు కలిపి చూశాడు, చార్జింగ్ చూశాడు, ఏవేవో సెట్టింగులు మార్చాడు. అరగంట గడిచింది. చివరికి కుడివైపు మెత్త తీసి, జాలీ విప్పి, భూతద్దం పెట్టి చూసి తలెత్తాడు.

"అమ్మా, దీనికి పూజ చేసిండ్రా?"

నేను తల ఊపాను.

"గంధం గట్టివడి సిమెంట్ లెక్క అయింది. బయటి మోత పట్టే మైకు ఖతం. పరేషాన్ కాకుండ్రి, మీరొక్కరే కాదు. దసరా అయినంక ఒకాయన డ్రోన్ తెచ్చిండు. కారు లెక్క దాన్ని గూడ నిమ్మకాయ మీదికెల్లి నడిపిచ్చిండట. రెక్కలు పోయినయ్."

నవ్వు రాలేదు నాకు. "కింద పడితే గూడ గిట్లనే అయితదా తమ్మీ?" అని అడిగాను.

"పడితే గీత పడ్తది, సొట్ట పడ్తది. దీనికి ఒక్క గీత లేదు. ఎవరు వాడిండ్రో గని పదిలంగ వాడిండ్రు."

వారంటీ అడిగితే, లోపల తడి చేరితే కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవన్నాడు. మైకు మార్చడానికి పద్నాలుగు వందలు. చెవి మెత్తలు అప్పుడే పొక్కులు లేచి రాలుతున్నాయి, వాటి జతకు తొమ్మిది వందలు. ఇంత ఖరీదైన వస్తువు ఏడాదికే పొక్కులు లేవడం ఏమిటని అడిగాను. "అది తోలు కాదమ్మా, ప్లాస్టిక్ పొర. కొబ్బరినూనె, చెమట రెండూ దాన్ని తింటయ్. మెత్తలు, బ్యాటరీ మార్చుకుంటే ఆరేండ్లు నడుస్తది. ఆ సామాను దొరకని కంపెనీది అయితే ఎంత పెట్టి కొన్నా దండుగనే," అన్నాడు. రెండూ మార్చమన్నాను. గంటన్నర తర్వాత నా చెవులకు పెట్టి చూడమన్నాడు. ఫ్లైఓవర్ మోత, కింద కుట్టుమిషన్ల చప్పుడు ఒక్కసారిగా మాయమయ్యాయి. ఈల లేదు. ఉదయం నుంచి మనసులో తిరుగుతున్న నామాలు కూడా ఆగిపోయాయి. భయం వేసి వెంటనే తీసేశాను.

రెండుంపావుకు హాస్టల్ చేరాను. సలోమి పరుపు చుట్టి మెట్ల మీద పెట్టింది, పక్కన బకెట్ నిండా గిన్నెలు. అఖిల హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూసి సంబరపడింది.

"ఈల పోయింది! ఏం మార్చిండమ్మా?"

"మైకు."

"చెప్పిన గద. పడేస్తెనే మైకు పోతది," అంది, సలోమికి వినపడేలా.

సలోమి నా దగ్గరికి వచ్చింది. "నాకు యాదికి లేదు గని ఆంటీ, నేనే ఎక్కడన్న తగిలిచ్చిన్నేమో. వారం దినాల సంది అదే ఆలోచన చేస్తున్న. సారీ ఆంటీ."

చేయని తప్పును ఆ పిల్ల వెతికి వెతికి తన మీద వేసుకుంది.

"నువ్వు కాదు బిడ్డా. నేను. దసరా నాడు దానికి గంధం పెట్టిన, అది మైకులకు పోయింది. అఖిల ఫోన్ చేసిన నాడే నాకు తెలుసు. భయానికి చెప్పలే."

అఖిల హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకుంది. సలోమి అఖిల వైపే చూస్తూ, "రెండేండ్లు ఒక్క తాళం వాడినం అఖిలా. ఒక్కసారి నమ్మకపోతివి," అంది. తర్వాత నావైపు తిరిగి, గొంతు పెంచకుండానే అంది: "మా అమ్మ గూడ నా లాప్‌టాప్ మీద ప్రార్థన నూనె రాసింది ఆంటీ. ఇప్పటికి రెండు మీటలు పని చేస్తలేవు. నేను ఆ తప్పు ఎవరి మీద పెట్టలే."

పరుపు ఎత్తుకుని కొత్త గది వైపు నడిచింది. అఖిల బకెట్ తీసుకుని ఆమె వెనకే వెళ్ళింది. నేను పిలవలేదు. సాయంత్రం రైలుకు జనగామ వచ్చేశాను.

సలోమి ఇంకా ఆ కొత్త గదిలోనే ఉంది. మెస్సుకు మాత్రం ఇద్దరూ కలిసి వెళ్తున్నారని అఖిల చెప్పింది, అది కూడా నేను రెండుసార్లు అడిగితే. అంత ఖరీదు పెట్టిన వస్తువు విలువైనదేనా అని ఎవరైనా అడిగితే అవుననే చెబుతాను. దాని మెత్తలు దొరుకుతాయి, మైకు దొరుకుతుంది, గంటన్నరలో కొత్తదానిలా అవుతుంది. ఆ పిల్ల వారం రోజులు తనను తాను అనుమానించుకున్నదానికి మాత్రం ఏ సందులోనూ షాపు లేదు. దేవుడి ముందు కూర్చున్నప్పుడు ఇప్పుడు మొదట ఆమె పేరే తలుచుకుంటున్నాను. మీరూ ఇలాంటి పని మీద తార్నాక వెళ్తే పదకొండు లోపు షాపుకు చేరండి, తర్వాత రద్దీ పెరుగుతుంది. ఏం జరిగిందో రిపేరు చేసే మనిషికి ముందే ఉన్నదున్నట్టు చెప్పండి. నేను చెప్పకపోవడంతో ఆయనకు అరగంట వృథా అయింది.