ముక్కు ఈగకు నోరుంటదా?

ఒక్క ఈగ ఫొటోతోని మొన్న నా శుక్రవారం ఎట్ల ఖరాబైందో చెప్త, నవ్వద్దు.

దోహా అవతల గొర్ల ఫారంల నా డ్యూటీ, మీకెరుకే గదా. గురువారం పొద్దున నాలుగు గొర్లు ఒక్కతీరుగ తుమ్ముడు షురూ చేసినయ్. మా సుడానీ పశువుల డాక్టర్‌కు ఫోన్ కొట్టిన. ఆయన వచ్చీరాని హిందీల, "ముక్కు ఈగ కావచ్చు. అది గొర్రె ముక్కుల పురుగులు పెడతది. ఈగ ఫొటో తీసి పంపు. అదే అయితే రేపు శుక్రవారమైనా ఎవ్వరికీ సెలవు లేదు, నలభై గొర్లకు మందు తాగియ్యాలె" అన్నడు.

రేపా! రేపు ఏషియన్ టౌన్ గ్రౌండ్‌ల మా జగిత్యాల టీమ్ మ్యాచ్, ఓపెనింగ్ బ్యాటింగ్ నాది! అప్పుడే ఫైసలా చేసిన, అది మామూలు ఈగనే అని. ఈగను చూసుడు తర్వాత సంగతి.

డాక్టర్ రెండు సాంపిల్ ఫొటోలు పంపిండు. రెండూ బూడిద రంగే, కవలపిల్లలే అనుకోండి. తేడా ఒక్కటే. మామూలు ఈగకు తొండమోలె నోరుంటదట, ముక్కు ఈగకు నోరే కనబడదట. నోరు లేని ప్రాణిని మేముండే క్యాంపుల ఇప్పటిదాక చూడలే మరి!

ఇగ ఫోన్ పట్టుకొని ఎండల ఈగల ఎంబడి తిరిగిన. సగం ఫొటోలు మసక, రెండింట్ల నా బొటనవేలు. జూమ్ చేసి చూస్తుంటే నాతోని పనిచేసే నిజామాబాద్ కరీం భాయ్ తొంగిచూసిండు.

"మల్లేశ్, దీనికి నోరు లేదు గదర?"

"ఫొటోల సరిగ్గ పడలే భాయ్."

"ఈ మూడింట్ల గూడ లేదు."

"భాయ్, నేను గొర్ల మందల పుట్టిన. నాకే ఈగల సదువు చెప్తవా?"

పాపం, సలాం కొట్టి పోయిండు.

ఆఖరికి దొరికింది! నీళ్ల తొట్టి అంచుమీద కూసోని, తొండం బయటపెట్టి, పాస్‌పోర్ట్ ఫొటోకు దిగినట్టు ఫోజిచ్చిన ఈగ. టక్కున పంపిన. మిగిలినయన్నీ డిలీట్!

జర సేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది. "షుక్రన్ మల్లేశ్, చానా క్లియర్ ఫొటో. ఇది మామూలు ఈగనే."

ఎగిరి గంతేసిన! బ్యాట్ గూడ తీసిన. మెసేజ్ ఇంకా అయిపోలే.

"కానీ ఈగ ఎనుక చూడు. గొర్లన్నీ ఒకదాని బొచ్చుల ఒకటి ముక్కు దాచుకున్నయ్. ముక్కు ఈగ చుట్టూ తిరిగితేనే అట్ల జేస్తయ్. యల్లా, రేపు ఆరు గంటలకు రెడీగుండు."

ఈగ మూతి చూసుట్ల పడి నలభై గొర్ల మూతులు చూడలే. మందల పుట్టిన మొనగాణ్ణి గదా!

శుక్రవారం పొద్దంత గొర్ల దవడలు పట్టుకొని మందు తాగిపిచ్చిన. కరీం భాయ్ నవ్వుకుంట ఒక్కొక్క గొర్రెను నా ముందటికి తోలిండు, అదే ఎక్కువ మండింది. సాయంత్రం మా కెప్టెన్ ఫోన్ చేసిండు. ఓడిపోయి ఏడుస్తడు, ఓదార్చాలె అనుకుంట ఎత్తిన.

"అన్నా, గెల్చినం! ఆర్నెల్లల్ల మొదటిసారి! నీ జాగల ఆడినోడు హాఫ్ సెంచరీ కొట్టిండు!"

మల్ల మెల్లగ అడిగిండు. "వచ్చే శుక్రవారం గూడ నీ గొర్లకు మందు ఉంటదా అన్నా?"