తెర వెనక కూర్చున్నవాళ్లు

మా మనవరాలు గోళ్ల రంగు తుడుచుకోవడానికి సీసా మూత తీసింది. ఆ ఘాటు వాసన తగలగానే "ఫిల్ము అతికిస్తున్నారా?" అనబోయి నాలుక కరుచుకున్నాను. ఫిల్ము ముక్కల్ని అతికించే జిగురుకూ అచ్చం అదే వాసన. దాన్ని నాకు పరిచయం చేసినవాడు యాదగిరన్న. పగలు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, శనివారం సాయంత్రాలు రైల్వే క్వార్టర్ల మైదానంలో సినిమా ఆడించే ఆపరేటరు. నాకు సినిమా తీయడం నేర్పిన ఆ మనిషి జన్మలో కెమెరా ముట్టుకోలేదు.

అరవైల చివరి సంగతి. నాన్నకు విశ్వవిద్యాలయం ఆఫీసులో ఉద్యోగం, కడప వైపు నుంచి వచ్చి తార్నాకలో ఉండేవాళ్లం. నేను ఎమ్మే విద్యార్థిని, క్యాంపస్ ఫిల్ము క్లబ్బులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్లను. క్లబ్బులో ఒకటే కెమెరా. దానికి పోటీపడ్డ ముగ్గురం తలా ఒక మూగ సినిమా తీయాలి. వార్షికోత్సవంలో ఎవరి సినిమా జనాన్ని కదలకుండా కూర్చోబెడితే ఏడాది పాటు కెమెరా వాళ్లదే. అంతకుముందు దేన్నీ అంత మొండిగా కోరుకోలేదు నేను.

కథ చిన్నదే. మౌలాలి నుంచి ఒకామె భర్తకు అన్నం క్యారేజీ తీసుకుని వర్క్‌షాపు గేటుకు పరుగెడుతుంది. యాదగిరన్న భార్య సత్తెమ్మ వదినే ఆ వేషం వేసింది. మొదట్లో మౌలాలి గుట్ట మీద తెల్లవారడం పెట్టాను. ఆ ఒక్క ముక్క కోసం పదకొండు రోజులు గుట్టెక్కాను మరి! దాని తర్వాత ఒక అక్షరాల కార్డు: "సైరన్ మోగితే అతను పస్తుతోనే లోపలికి పోవాలి."

వార్షికోత్సవానికి ముందే ఒక శనివారం మైదానంలో నా సినిమా ఆడించడానికి యాదగిరన్న ఒప్పుకున్నాడు. "గని నువ్వు ఎనకకు పోయి కూసో" అన్నాడు. రెండు గుంజల మధ్య గుడ్డ తెర. ముందు చోటు చాలక సగం జనం వెనకే కూర్చునేవారు. అక్కడ కుడి ఎడమలు తారుమారు. గుట్ట రాగానే నా పక్కనున్న ముసలామె ఆవలించింది. వదిన పరుగు మొదలుపెట్టింది. "గామె ఎందుకురుకుతున్నదే?" అంది ముసలామె. "ఏమో, కుక్క ఎంబడి పడ్డదేమో" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. నా తల కొట్టేసినట్లయింది.

"అక్షరాలు ఉల్టా పడ్డాయన్నా! క్యాంపస్‌లో చదువుకున్నవాళ్లుంటారు" అని యాదగిరన్న మీద ఎగిరాను.

"ముందలోళ్లు సుత చదివిన్రు చెల్లె. చదివి పల్లీలు కొనుక్కున్నరు. ఆకలి కనబడాలె గని, చదివితే ఏం తెలుస్తది?"

"అయితే గడియారం చూపిస్తా."

"గది సుత ఉల్టానే పడ్తది."

రెండు రోజులు ఆయన ముఖం చూడలేదు. మూడో రోజు ఉక్రోషంతోనే మధ్యాహ్నం వర్క్‌షాపు గేటు దగ్గరికి వెళ్లాను. యాదగిరన్న గ్రీజు చేతులు కడుక్కుని చెట్టు కింద కూర్చున్నాడు. పక్కన వదిన కూర్చునే రాయి మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు. వదిన రాలేదు. చుట్టూ ఒక్కొక్కరే తినేసి క్యారేజీలు మూసి లేస్తున్నారు. ఆయన మళ్లీ రాయి తుడిచాడు. మిగిలిన ఫిల్ము నిమిషానికి సరిపోతుందేమో. మర్నాడు అదే వేళకు కెమెరాతో వెళ్లి, "అన్నా, నిన్నటిలాగే కూర్చో" అన్నాను.

ఆ సాయంత్రం కార్డు తీసేశాను. గుట్టను కత్తిరించేటప్పుడు మాత్రం కళ్లనీళ్లు ఆగలేదు. జిగురు సీసా పట్టుకుని పక్కనే ఉన్న యాదగిరన్న, "గుట్ట మంచిగనే ఉన్నది చెల్లె. గని దాని కోసం ఎవలు ఎదురుచూస్తలేరు" అన్నాడు.

వార్షికోత్సవం రోజు క్యాంపస్ పచ్చికలో తెర కట్టారు. క్లబ్బువాళ్లు ముందు వరసలో కుర్చీ వేసినా నేను వెనక్కే పోయాను. అక్కడ హాస్టలు వంటవాళ్లు కూర్చున్నారు. రాయి తుడిచే చేయి, పరుగెత్తే వదిన, మూతలు పడుతున్న క్యారేజీలు, మళ్లీ ఆ చేయి. ఒక వంటామె మోకాళ్ల మీద లేచి, "ఉరుకు తల్లీ, ఉరుకు! అందరు లేస్తున్నరు!" అని అరిచింది. తెరకు అటువైపు ఒక్కరూ నవ్వలేదు, దగ్గలేదు. కెమెరా నాకే ఇచ్చారు.

తర్వాత ముప్ఫై ఏళ్లు ఎడిటింగ్ గదుల్లో గడిపాను. ఏ సినిమా అయినా చేయి దాటే ముందు ఒకసారి శబ్దం తీసేసి, ఫిల్ము తిరగేసి చూసేదాన్ని. "బొమ్మ ఉల్టా పడింది మేడమ్" అనేవారు దర్శకులు కంగారుగా.

"తెలుసు. మా అన్న నన్ను వెనక కూర్చోమన్నాడు" అనేదాన్ని.