నూకమ్మ వాకిట్లో వాసన

దెయ్యాలు, గాలి, ధూళి లాంటివి నమ్మే మనిషిని కాదు నేను. చిన్నప్పుడు నాకు ఒళ్ళు వెచ్చబడితే చాలు, మా అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసేది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టే అని తేల్చేది. మిరపకాయలు తక్కువ వేశావు కాబట్టి రాలేదు అనేదాన్ని. ఇంజనీరింగ్ చదివాక ఆ నోరు ఇంకా పెరిగింది.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు ఆగాను. ఇందులో భయపడాల్సింది పెద్దగా ఏమీ లేదు. సిగ్గుపడాల్సిందే ఎక్కువ.

నేను విశాఖపట్నంలో ఒక చిన్న కన్సల్టెన్సీలో పని చేస్తాను. ఎవరైనా ఒకచోట ఫ్యాక్టరీ పెట్టాలనుకుంటే, ఆ నేల దానికి పనికొస్తుందో లేదో చూసి చెప్పడం మా పని. మట్టి ఎలాంటిది, నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయి, వాన నీరు ఎటు పారుతుంది, గాలి ఎటు వీస్తుంది, ఇళ్ళు ఎంత దూరం, ఇవన్నీ చూస్తాం. నగరంలో చెత్త పెరిగిపోయి దాన్ని వేయడానికి కొత్త కేంద్రం కట్టాలనుకున్నప్పుడు, తగరపువలస దాటాక ఉన్న ఒక మిట్టని చూడమని మమ్మల్ని పంపారు.

ఎర్రమట్టి నేల. జీడిమామిడి తోటలు, వాటి వెనక సరుగుడు. మిట్ట దిగువన కొన్ని ఇళ్ళు. అందరూ సముద్రం మీద వేటకి పోయేవాళ్ళే. ఊరి పేరు రాయను.

నా సంగతి కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మాదీ చేపల ఇల్లే. వన్ టౌన్‌లో రేవుకి దగ్గరగా ఉండేవాళ్ళం. నాన్న బోటు మీద వెళ్ళేవాడు, అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్మేది. సిటీ బస్సులో అమ్మ పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. జనం కమ్మీ పట్టుకుని వేలాడేవారు గానీ ఆ సీట్లో కూర్చునేవారు కాదు. బళ్ళో నా పక్కన కూర్చునే అమ్మాయి ఒక చేత్తో ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో లెక్కలు చేసేది. పాపం, అంత కష్టపడ్డా అన్నీ తప్పులే. నేను మాత్రం రోజూ సబ్బు అరగదీసేదాన్ని. ఆఫీసులో ఎవరైనా అడిగితే మాది వన్ టౌన్ అని మాత్రమే చెప్పాను. అమ్మ ఏం చేసేదో చెప్పలేదు.

మిట్ట చూడ్డానికి వెళ్ళిన రోజు నాతో వచ్చింది మా సీనియర్ ప్రసాద్ గారు. మంచివాడే, పని ఎగ్గొట్టే రకం కాదు. జీడిమామిడి పూత మీద ఉంది. మధ్యాహ్నం, మంచి ఎండ. దిగువన మొదటి ఇల్లు నూకమ్మది. ముసలావిడ, చురుకైన మనిషి. వాకిట్లో బావి ఉంటే, అందులో నీటి మట్టం కొలుస్తామని అడిగాం. సరే అంది. ఆమె, కోడలు కలిసి నేల మీద వల పరిచి నెత్తళ్ళు, వేలెడేసి చేపలు, ఎండబెడుతున్నారు.

"కూకోండమ్మా, ఎండలో తిరిగీసినారు" అని కుర్చీ వేసి, స్టీలు గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది.

గ్లాసు నోటి దాకా తెచ్చాను. అప్పుడు వచ్చింది కంపు.

నేను ఎండుచేపల మధ్య పెరిగినదాన్ని. నెత్తళ్ళు సరిగ్గా ఎండాయో లేదో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇది ఆ వాసన కాదు. వానలో తడిసిన చెత్త లారీ మూత తీస్తే వచ్చే కంపు. కుళ్ళిన కూరగాయలు, కాలిన ప్లాస్టిక్, పసిపిల్లల డైపర్లు, వీటన్నిటి కింద ఊరే నల్లటి నీళ్ళు. డంపింగ్ యార్డులు చాలా తిరిగాను కాబట్టి అది నాకు బాగా తెలుసు. నూకమ్మ వాకిట్లో మాత్రం చెత్త అన్నది లేదు. కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి ఉంది.

నా చెయ్యి దానంతట అదే చున్నీ లాగి ముక్కుకి పెట్టింది. కడుపులో తిప్పింది.

నూకమ్మ చూసింది. వెంటనే చూపు తిప్పేసుకుంది.

"నెత్తళ్ళమ్మా. వాసనొత్తాది. మాకు అలవాటైపోనాది, తెలీదు" అంది.

కోడల్ని పిలిచి, ఇద్దరూ ఆ వలని చేపలతో సహా ఇంటి వెనక్కి ఈడ్చుకెళ్ళారు. తర్వాత నూకమ్మ బావిలోంచి నీళ్ళు తోడి వాకిలి కడిగింది. ముగ్గు కొట్టుకుపోయింది. నా కుర్చీ చుట్టూ కూడా వంగి కడిగింది. ఒకసారి మా టీచరు ఇంటికి వస్తున్నారంటే మా అమ్మ కూడా ఇలాగే గడప నుంచి వీధి దాకా కడిగింది. అది గుర్తొచ్చి కూడా నేను చున్నీ తియ్యలేకపోయాను.

కంపు ఏమాత్రం తగ్గలేదు. లేచి చుట్టూ వెతికాను. చచ్చిన ఎలుక లేదు, మురిక్కాలవ లేదు. బావి నీళ్ళు తేటగా ఉన్నాయి. గాలి సముద్రం వైపు నుంచి వస్తోంది. కంచె దాటి బయటికెళ్తే జీడిపూత తియ్యటి వాసన తప్ప ఏమీ లేదు. లోపలికి అడుగు పెడితే మళ్ళీ అదే కంపు. ఊరికే అనుకుంటున్నానేమోనని మళ్ళీ మళ్ళీ తిరిగి చూశాను. ప్రతిసారీ అంతే.

ప్రసాద్ గారిని అడిగాను. ఆయన గట్టిగా గాలి పీల్చి, "ఎండుచేపలే కదమ్మా. నీకు అలవాటు లేక అలా ఉంది" అన్నారు.

నాకు అలవాటు లేదట. నేను కాదనలేదు. గ్లాసులో నీళ్ళు కంచె పక్కన పారబోసి, ఖాళీ గ్లాసు గట్టు మీద పెట్టి వచ్చేశాను. నూకమ్మ అది కూడా చూసే ఉంటుంది.

కారులో ప్రసాద్ గారు నవ్వుతూ, "నీ వల్ల మంచి పాయింటు దొరికింది" అన్నారు. మేం ఇచ్చే నివేదికలో, ఆ చుట్టుపక్కల ఇప్పటికే వాసనలేమైనా ఉన్నాయా అన్నది కూడా రాయాలి. ఆ ప్రాంతంలో ఎండుచేపల వాసన ముందునుంచీ ఉందని, అక్కడివాళ్ళు దానికి అలవాటు పడ్డారని ఆయన రాశారు. అబద్ధం రాయలేదు. నేను ముక్కు మూసుకోవడం ఆయన కళ్ళారా చూశారు, అలవాటైపోయిందని నూకమ్మే చెప్పింది.

నేను కాదని చెప్పొచ్చు. కానీ ఎలా? అది చేపల వాసన కాదంటే, నీకెలా తెలుసు అంటారు. మా అమ్మ తట్ట గురించి చెప్పాలి. మరి ఏం వాసన అంటే, ఇంకా కట్టని చెత్త కేంద్రం కంపు అని చెప్పాలి. రెండో మాటకి నన్ను పిచ్చిదాన్ని అనుకుంటారని ఊరుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అసలు నోరు నొక్కేసింది మొదటి మాట.

డాక్టరుకి చూపించుకున్నాను. ముక్కులో ఏ లోపమూ లేదన్నారు. కడుపులో తిప్పిందని చెబితే మా అమ్మ, "నెల తప్పినావేటి?" అంది. అదీ లేదు.

తర్వాత ఆ ఊళ్ళో షామియానా వేసి ప్రజల అభిప్రాయం తెలుసుకునే సభ పెట్టారు. వెనక వరసలో కూర్చున్నాను. చెత్త వస్తే ఇళ్ళలో ఉండలేమని దిగువ ఇళ్ళవాళ్ళు గొడవ పడ్డారు. వేదిక మీద ఉన్నాయన మా నివేదికలో ఆ వాక్యం చదివి, "మీ దగ్గర వాసన ముందే ఉందట కదా" అన్నాడు. కొందరు నవ్వారు.

నూకమ్మ లేచింది. జనంలో నన్ను గుర్తుపట్టింది.

"నిజమే బాబూ. మా కాడ వాసనొత్తాది. ఆ అమ్మ మా వాకిట్లో ముక్కు మూసుకున్నాది, నాను సూసినాను. దానికేటి సెప్తాం" అంది. తల దించుకుని కూర్చుంది.

నేను కుర్చీలోంచి లేవలేదు. నా పక్కనున్నావిడ నా వైపు జరిగి, మీరేనా అని మెల్లగా అడిగింది. అవునన్నాను.

కేంద్రం కట్టారు. లారీలు మొదలయ్యాయి. కొంతకాలానికి కంపు భరించలేకపోతున్నామని ఫిర్యాదులు వచ్చాయి. ఆ చోటు తెలిసినదాన్నని నన్నే వెళ్ళి చూడమన్నారు. మా ఆఫీసు వాళ్ళు ఇద్దరు నాతో వచ్చారు. కారు దిగకముందే ఇద్దరూ మాస్కులు బిగించుకున్నారు. నాకూ కారులోకే కంపు కొట్టింది. ఆ రోజు వాకిట్లో వచ్చినదే. కుళ్ళు కూరగాయలు, ప్లాస్టిక్, నల్లనీళ్ళు, ఒక్కటీ తేడా లేదు.

కంచె దాటి నూకమ్మ వాకిట్లో అడుగు పెట్టగానే కంపు ఆగిపోయింది.

ఆమె అదే కుర్చీ వేసి, నీళ్ళిచ్చింది. గ్లాసు అంచు మీద ఈగలు వాలుతుంటే చెంగుతో తోలుతోంది. నాతో వచ్చినవాళ్ళిద్దరూ మాస్కుల మీద చేతులు కూడా అడ్డం పెట్టుకున్నారు. ఒకాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మూసుకోండమ్మా, నానేటీ అనుకోను. ఇది మాకే అలవాటవనేదు" అంది నూకమ్మ.

నేను మూసుకోలేదు. నాకు వస్తున్నది నెత్తళ్ళ వాసన. ఉప్పు పట్టి, ఎండ తగిలి, ఎత్తడానికి సిద్ధంగా ఉన్న మంచి నెత్తళ్ళు. దానితో పాటు సన్నగా జీడిపూత. చుట్టూ చూశాను. వల చుట్టేసి గోడకి ఆనించి ఉంది. ఈగలు వాలుతున్నాయని బేరగాళ్ళు కొనడం మానేశారట, ఎండబెట్టడం ఎప్పుడో ఆపేశారు. లారీల దారి కోసం జీడి చెట్లు కొట్టేశారు. బ్యాగులోంచి శానిటైజర్ తీసి వాసన చూశాను. ఘాటుగా తగిలింది. ముక్కు బాగానే ఉంది.

నూకమ్మ కోడలి వైపు తిరిగి, "సూసినావా, ఆ అమ్మొక్కర్తే మూసుకోనేదు. ఆ రోజు తెలీక మూసుకున్నాది గానీ, మనసున్న మనిసి" అంది.

ఆ మాట విన్నాక తలెత్తలేకపోయాను. నీళ్ళు చివరి చుక్క దాకా తాగాను. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. అయినా, వస్తానమ్మా అని లేచాను. కంచె దాటగానే కంపు మొహాన కొట్టింది. చెయ్యి చున్నీ మీదకి పోయింది. నూకమ్మ ఇంకా గుమ్మంలో నిలబడి ఉంది. చెయ్యి దించేసుకుని, కారు మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టాను.

ఆ వాకిట్లో నా ముక్కుకి ఏమైందో ఇప్పటికీ నాకు తెలియదు. రాబోయే కంపు ముందే ఎలా వచ్చిందో, పోయిన వాసన తర్వాత ఎక్కడినుంచి వచ్చిందో, చదువుకున్న చదువంతా వెతికినా సమాధానం దొరకలేదు.

ఈమధ్య మా అమ్మకి మొత్తం చెప్పేశాను. ఉప్పు, మిరపకాయల కోసం లేస్తుందనుకున్నాను. అమ్మ కూర్చున్నచోటే కూర్చుని, "సేపల వాసన కాదని ఆవిడికి సెప్పినావా?" అని అడిగింది.

లేదన్నాను.

అమ్మ దిష్టి తియ్యడానికి లేవలేదు.