సింహాద్రమ్మ చేతి చూపు

నర్సీపట్నంలో కోటవురట్ల వెళ్ళే రోడ్డు పక్కన జగదీశ్వరరావుగారి జీడిపప్పు కార్ఖానా ఉంది. అక్కడ బస్తా ఎవరిదైనా ముందు సింహాద్రమ్మ చెయ్యి పడాలి. మూతి విప్పిన బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు జీడిపిక్కలు తీసి, అరచేతిలో ఒక్కసారి ఎగరేస్తుంది. తేలిగ్గా తగిలిన పిక్కని పక్కన పారేస్తుంది. అనుమానం ఉన్నవాళ్ళు దాన్ని కోసి చూసుకోవచ్చు, లోపల పప్పు పుచ్చే ఉంటుంది. ఎలా తెలుస్తుందని అడిగితే, "కూరలో ఉప్పెక్కువైతే నీకెలాగ తెలుస్తాది?" అని కసురుతుంది. మొగుడు పోయాక పొట్టు తీసే పనికొచ్చి, ఈ గుమ్మం దగ్గర బస్తాలు చూసే చోటు దాకా ఎదిగిన మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఆ చోటు ఆవిడదే. అదంటే ఆవిడకి ప్రాణం, ఆ సంగతి దాచుకోదు కూడా.

మొన్న ఏప్రిల్లో సరిగ్గా ఆ గుమ్మం దగ్గరికే మిషను వచ్చింది. విశాఖపట్నంలోని ఒక చిన్న కంపెనీ తరఫున శ్రీదుర్గ అనే ఇంజినీరు దాన్ని వ్యానులో తెచ్చింది. అందులోవి టెరాహెర్ట్జ్ కిరణాలట. రేడియో తరంగాలకీ వెలుగుకీ నడుమ ఉంటాయట, ఎక్స్‌రేలా ఒంటికి చెరుపు చెయ్యవట. పొడిగా ఉన్న పెంకులోంచి దూరిపోయి, లోపలి పప్పుని తెర మీద చూపిస్తాయట. ఏదో పరిశోధనశాల కనిపెట్టిన ఆ విద్యని ఈ కంపెనీ లైసెన్సుకి తీసుకుని, జీడిపిక్కలకి పనికొచ్చేలా మిషను కట్టింది. దాన్ని కార్ఖానాలకి ఏడాదేడాదికీ లైసెన్సు మీద ఇస్తుంది. మూడు రోజుల పరీక్షలో నూటికి తొంభై అయిదు పిక్కల సంగతి సరిగ్గా చెబితే జగదీశ్వరరావుగారు సంతకం పెడతారు. పెడితే సింహాద్రమ్మ మళ్ళీ పొట్టు తీసే షెడ్డులోకి వెళ్ళాలి. ఆ మాట ఆయన నేల చూపులు చూస్తూ ఆవిడతో చెప్పారు.

మొదటి రోజు సింహాద్రమ్మ ఆ పిల్లతో ఒక్క ముక్క మాట్లాడలేదు. మిషను తొంభై ఆరు సరిగ్గా చెప్పింది. రెండో రోజు మధ్యాహ్నం శ్రీదుర్గ రెండు బిస్కెట్లు తిని నీళ్ళు తాగేసరికి సింహాద్రమ్మ ఇంక ఓర్చుకోలేకపోయింది. తన క్యారేజీలోంచి సగం అన్నం, ఎండుచేపల పులుసు మూతలో పెట్టి ముందుకి తోసింది.

"నా సోటుకి ఎసరెట్టడానికొచ్చావు. కడుపు మాడ్సుకుని ఎసరెట్టడమెందుకు? తిను."

శ్రీదుర్గ పొలమారేదాకా నవ్వింది. అప్పట్నుంచీ "పిన్నీ" అని వెనకాలే తిరిగింది. అంత చనువు ఎందుకిచ్చానా అని సింహాద్రమ్మ తనని తనే తిట్టుకుంది గానీ, ఆ పిలుపు ఆవిడకి బాగానే ఉంది.

మూడో రోజు కొయ్యూరు కొండల మీది నుంచి జోగులు అనే రైతు ఆరు బస్తాలు దింపాడు. మిషనులో పోస్తే తెరంతా నల్లగా వచ్చింది. నూటికి నూరూ పుచ్చేనంది.

"నా పిక్కలు పుచ్చా? కోసి సూడండి బాబూ!" అని జోగులు గొడవకి దిగాడు.

ఇరవై కోశారు. ఇరవైలోనూ పప్పు తెల్లగా, నిండుగా ఉంది. శ్రీదుర్గ మిషను విప్పింది, బిగించింది, మళ్ళీ పోసింది. మళ్ళీ నలుపే. నీళ్ళు తగిలితే ఆ కిరణాలు ఆగిపోతాయని ఆ పిల్లకి తెలుసు. కానీ చేతిలో గలగల్లాడే పిక్కలో తడి ఉంటుందని ఎలా తోస్తుంది?

"ఇంక సామాను సర్దేసుకోమ్మా" అన్నారు జగదీశ్వరరావుగారు.

కారణం సింహాద్రమ్మకి తెలుసు. బస్తాలో చెయ్యి పెట్టగానే బరువు రవ్వంత ఎక్కువ తగిలింది. కింద ఊళ్ళవాళ్ళు పిక్కల్ని పండు నుంచి గిల్లి అలాగే ఆరబోస్తారు. జోగులు వాళ్ళ ఊళ్ళో మాత్రం జిగురుతో ఉన్న సరుకు అమ్మకానికి తేవడం నామోషీ. గెడ్డలో, అంటే కొండవాగులో కడిగి, ఒక్క ఎండ చూపించి తెస్తారు. పైన పొడిగా ఉన్నా పెంకులో నీరు మూడు రోజులుంటుంది. ఆవిడ నోరు మెదపకపోతే చాలు, మిషను వ్యానెక్కి వెళ్ళిపోతుంది. ఒక టీ తాగేంత సేపు ఊరుకుంది కూడా. శ్రీదుర్గ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ వైర్లు చుడుతోంది.

"ఒగ్గేయ్ పాపా, సుట్టకు" అంది చివరికి. "నీ మిషనుకేటీ అవలేదు. అవి గెడ్డలో కడిగిన పిక్కలు. మూడెండలు బెట్టి అప్పుడు పొయ్యి." తరువాత యజమాని వైపు తిరిగి, "బాబూ, మూడ్రోజులు ఆగండి" అంది.

ఆగారు. ఎండిన పిక్కలు పోస్తే మిషను తొంభై ఎనిమిది సరిగ్గా చెప్పింది. జగదీశ్వరరావుగారు లైసెన్సు కాగితాల మీద సంతకం పెట్టారు. వ్యానెక్కే ముందు శ్రీదుర్గ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చెప్పకపోతే నేను వెళ్ళిపోయేదాన్ని కదా పిన్నీ. ఎందుకు చెప్పావు?"

"మంచి పిక్కని పుచ్చంటే నానెలాగూరుకుంతానే?" అంది సింహాద్రమ్మ కోపంగా. "బేగెళ్ళు, ఎండెక్కుతంది."

మర్నాడు షెడ్డులో ఆవిడకి దేవి పక్కన చోటిచ్చారు. దేవికి పాతికేళ్ళుంటాయి. వేళ్ళు ఆడుతుంటే పొట్టు దానంతటదే రాలుతున్నట్టుంటుంది. సింహాద్రమ్మ గోటి కింద పప్పు విరిగిపోయింది. సాయంత్రం తూకంలో అందరికంటే ఆవిడదే తక్కువ. అందరి ముందే ఏడ్చింది. తరువాత కొంగుతో మొహం తుడుచుకుని దేవి వైపు జరిగింది.

"గోరు ఎక్కడెడతన్నావో సూపించమ్మా" అంది. "మెల్లగా సూపించు. నాను మర్సిపోనాను."