ఖైరూన్ ఆపా దారిఖర్చు

పోయిన వారం ఒక ముసలి దంపతులు మక్కా యాత్రకు, ఉమ్రాకు పోతున్నామని చెప్పి, ఆకుపచ్చ సాటిన్ గుడ్డ తెచ్చి నా మిషను బల్ల మీద పెట్టారు. ముడతలు పోవడానికి తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించగానే ఆవిరితో పాటు ఒక వాసన లేచింది. కొత్త సాటిన్‌కు వేడి తగిలితే వచ్చే వాసన, కాస్త మాడినట్టు, కాస్త తియ్యగా. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఏందమ్మా, గుడ్డ కాలిందా?" అని పెద్దాయన కంగారుపడ్డాడు. లేదని చెప్పి పెట్టె పక్కన పెట్టాను. ఖైరూన్ ఆపా గుర్తొచ్చిందని ఆయనతో అంటే ఏం లాభం, ఆయన ఆమెను ఎరగడు. మీరూ ఎరగరు. గిద్దలూరులో ఆడవాళ్ల బట్టలు కుట్టి బతికిన మనిషి ఆమె, ఊరందరికీ ఆపా, అంటే అక్క. నాకు పని నేర్పి, చివరికి దుకాణం కూడా నా చేతిలోనే పెట్టి పోయింది. ఆమె చెయ్యి పట్టుకుని నేర్పిన కుట్లన్నీ నాకు తృప్తినిచ్చేవే. ఆమె కోసం కుట్టిన ఒక్క పట్టీ మాత్రం ఇప్పటికీ నన్ను బాధ పెడుతుంది.

మాది కొమరోలు దగ్గర పల్లె. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను నాయన గిద్దలూరు బస్సు ఎక్కించి ఆపా దగ్గర వదిలాడు. చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం కుండలో నీళ్లు అయిపోతే పక్క టీ కొట్టుకు పోయి ఒక చెంబు అడిగి తెచ్చాను. ఆపా కత్తెర కింద పెట్టి నా వైపు చూసింది. "బోరింగు ఎంత దూరం ఉందే? కాళ్లు లేవా నీకు? అడిగినోళ్లు ఎప్పుడూ ఒక మెట్టు కిందనే నిలబడాల రమణా. మనం ఎవుర్నీ ఏమీ అడగొద్దు." అప్పటికి నాకు కళ్లలో నీళ్లు తిరిగినా, ఆ మాట బాగా నచ్చింది. ఇంట్లో నాయన విత్తనాలకూ ఎరువులకూ వంగి వంగి అడగడం చూసి పెరిగినదాన్ని. అడగకుండా బతికే మనిషి ఒకరు ఉన్నారంటే, అదీ ఆడమనిషంటే, నాకు గొప్పగా అనిపించింది. మోకాళ్ల నొప్పితోనే స్టూలెక్కి పై అరలోని గుడ్డ తాన్లు తనే దించుకునేది. దించాక ఆ తాన్లనే తిట్టేది. "నేను తీస్తాను కదా ఆపా" అంటే, "నిన్ను అడిగినానా?" అనేది. ఆమె పొగరు నాకూ అంటుకుంది.

ఆమె భర్త మస్తాన్ బావ లారీ డ్రైవరు. పెళ్లయిన కొన్నేళ్లకే జెడ్డాలో ఒక సేఠు దగ్గర కారు నడిపే పనికి పోయాడు. సెలవుకు రావలసిన మనిషి గుండె ఆగి అక్కడే పోయాడు. శవం రావాలంటే నెలలు పడుతుందన్నారట. అక్కడే ఖననం చెయ్యండని ఇంటి తరఫున సంతకం పెట్టింది ఆపా తమ్ముడు రఫీ అన్న. ఆపాను అడగకుండానే పెట్టాడు. అప్పుడామె మాట వినే స్థితిలో లేదని ఆయన అంటాడు. ఉన్నానని ఆమె అనేది. ఆ రెండు మాటలూ నాతో విడివిడిగా అన్నారే తప్ప, అక్కాతమ్ముళ్లు ఒకరితో ఒకరు ఎన్నడూ అనుకోలేదు. రఫీ అన్న చెడ్డవాడు కాదు. మోటారు స్పేరు పార్టుల దుకాణం ఆయనది. ఆపా ఇంటికి బియ్యం, నూనె ఆయనే పంపేవాడు. ఆపా సంపాదన ఆయన దగ్గరే దాచుకునేది. రంజాన్ నెలలో ఇద్దరూ ఒకే పళ్లెంలో తినేవాళ్లు. మస్తాన్ బావ పేరు మాత్రం ఆ పళ్లెం దగ్గరికి వచ్చేది కాదు.

ఆపా, రఫీ అన్న కలిసి ఉమ్రాకు పోవడం ఖాయమైనప్పుడు ఊళ్లో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే, ఖర్చు డబ్బు ఎట్ల తీసుకుపోతారని. రఫీ అన్న మార్కాపురం పోయి ట్రావెల్స్ వాళ్లను అడిగి, బ్యాంకు కార్డొకటి చేయించుకొచ్చాడు. "ఇదో ఆపా, ఇద్దరి ఖర్చూ దీంట్లోనే ఉంది. యాడ గీకితే ఆడ పనిచేస్తాది. నువ్వు రూపాయి గూడా మోసే పన్లేదు" అన్నాడు. ఆపా "మంచిదిరా" అంది. ఆయన వెళ్లాక ఉన్న జాకెట్లన్నిటికీ కాజాలు కుట్టింది. మరుసటి రోజు నుంచి దుకాణానికి వచ్చిన ఆడవాళ్లతో, ఏదో మాటవరసకు అన్నట్టు, "సౌదీ రియాళ్లు ఒంటిమీద దాచుకోవాలంటే యాడ దాచుకుంటారే?" అని మొదలుపెట్టింది. కువైట్‌లో పనిచేసి వచ్చినావిడ, "మెడకు సంచీ యేసుకో ఆపా, లోపలికి పోతాది" అంది. "రద్దీలో దొంగలుంటారని మా రఫీ దిగంగనే ఇప్పించుకుంటాడు" అంది ఆపా. ఇంకొకావిడ బురఖా అంచులో కుట్టుకోమంది. "మర్చిపోయి ఉతికినానంటే?" గోంగూర సీసాలో కవరు చుట్టి పెట్టుకోమని నేనన్నాను. "ఆ సీసా మూత మొదట తీసేది వాడేనే. గోంగూరంటే వానికి పానం" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. ఆపా కూడా నవ్వింది కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

సాయంత్రం షట్టరు సగం దించాక నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. సౌదీ నుంచి సెలవు మీద ఊరొచ్చిన పిల్లోడి దగ్గర మార్చుకున్న రియాళ్లు చీరకొంగులోంచి తీసింది. "మీ బావ ఉన్నది జెడ్డాలో. మక్కా నుంచి కార్లో పోయి రావొచ్చంట. ఆ గోరీలకాడికి ఆడోళ్లను లోపలికి రానియ్యరంట. పర్వాలేదు. గోడ బయట నిలబడి వస్తా. కారుకు నా డబ్బు నా దగ్గర ఉండాల."

"రఫీ అన్నకు చెప్తే తీసకపోడా ఆపా?"

"వాన్ని అడగాలా? నా మొగుని కాడికి పోనీరా అని వాన్ని అడగాలా నేను?"

ఆ గొంతుకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. దాచే చోటు ఆమే ఆలోచించుకుంది. ప్రయాణం పోయేవాళ్ల దండచేతికి ఇమాం జామిన్ అని ఒక పట్టీ కడతారు. లోపల నాణెం పెట్టి కుడతారు. ప్రయాణంలో ఆ పట్టీని ఎవరూ ముట్టుకోరు. ఆకుపచ్చ సాటిన్ తెచ్చి ఇస్త్రీ చేయించి, నాణెంతో పాటు మడిచిన రియాళ్లు నా చేతనే లోపల పెట్టించి కుట్టించింది. క్షేమంగా చేరాక అందులోది బీదవాళ్లకు ఇచ్చెయ్యాలని అప్పుడే చెప్పింది. "మక్కాలో రూముకు పోయినాక నేనే ఇప్పుకుంటా. నాణెం ఫకీరుకు, నోట్లు నాకు" అంది. చిన్నపిల్ల జామకాయ దొంగిలించినట్టు సంబరపడింది. ఆమెను అంత సంతోషంగా నేను అంతకుముందు చూడలేదు.

తిరిగి వచ్చినప్పుడు ఖర్జూరాలూ మక్కా జంజం బావి నీళ్లూ ఊరంతా పంచింది. నాకు ఒక జపమాల తెచ్చింది, దేవుడెవరైతే ఏంలే లెక్కబెట్టుకో అని. జనం తగ్గాక, "గోడ చూసినావా ఆపా?" అని మెల్లగా అడిగాను. ఆమె మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది.

"విమానం దిగింది జెడ్డాలోనే. దిగంగనే రఫీ, సల్లంగ చేరినాం ఆపా అని నా చేతికున్న పట్టీ వాడే ఇప్పినాడు. ఆడ నేల ఊడ్చే పిల్లోని చేతిలో పెట్టేసినాడు. నా కళ్ల ముందరే."

"అయ్యో, నోరు తెరిచి చెప్పకపోయినావా?"

"ఏమని చెప్పేది? ఇమాం జామిన్‌లో నీకు తెలీకుండా డబ్బు దాచినా అనాలా? తప్పు నాదే. బీదోనికి పోవాల్సిందాంట్లో నాది కలిపినా. అది వానికే పోయింది." సూదిలో దారం ఎక్కిస్తూ మళ్లీ అంది. "బస్సులో కిటికీ కాడ కూర్చున్యా. జెడ్డా దాటిందాంక ఏ గోడ కనపడినా ఇదేనేమో, ఇదేనేమో అని చూసుకుంటా పోయినా." అంతే. ఇంకెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఆమెను ఓదార్చడం నాకు చేతకాలేదు. అంగీ చేతులు కత్తిరించమని ఇస్తే కత్తిరించాను.

ఆ తర్వాత ఆపా ఎక్కువ కాలం లేదు. ఆమె పోయిన నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక రఫీ అన్న దుకాణానికి వచ్చి ఆపా కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. టీ తెప్పించాను. తాగకుండా గ్లాసు పట్టుకుని మొదలుపెట్టాడు. "రమణమ్మా, ఆ పొద్దు ఉమ్రాకు పోయినప్పుడు జెడ్డాలో మనూరి పిల్లోనితో కారు మాట్లాడిపెట్టినా. బావ కాడికి ఆపాను తీసకపోదామని. ఏమన్నా కావాలనా ఆపా, యాడికన్నా పోవాలనా అని రోజూ అడిగినా. ఏం వద్దురా అనింది. బావ పేరు నేనెట్ల ఎత్తాల చెప్పు. సంతకం పెట్టినోన్ని నేను. ఆమె నోటితో ఒక్కమాట అంటే ఆ నిమిషమే బయల్దేరేటోళ్లం. ఆమె అన్లా. మర్చిపోయిందిలే, గుర్తు చేసి ఏడిపించేది ఎందుకని కారు వద్దని చెప్పినా." గ్లాసు వైపే చూస్తూ అడిగాడు. "నీతో ఏమన్నా అనిందా తల్లీ?"

నాకు ఆపా మీద కోపం వచ్చింది, అంతగా ప్రేమించిన మనిషి మీద వచ్చే కోపం. ఒక్కమాట అడిగితే ఏం పోయేది ఆమెకు? అడగకుండా బతకడాన్ని నేను అన్నేళ్లు గొప్పగా చూశాను. దానికి ఆమె ఎంత పోగొట్టుకుందో ఆ రోజు తెలిసింది. "లేదన్నా, నాతో ఏమీ అనలేదు" అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకుని టీ తాగాడు.

ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తాడు. అదే స్టూలు మీద కూర్చుని, ఏదో వేరే మాటలు మాట్లాడి, చివరికి అదే అడుగుతాడు. నేను అదే చెబుతాను. నిజం చెబితే, బావ దగ్గరికి పోవడానికి ఆమె పట్టీలో దాచుకున్న డబ్బును తన చేత్తోనే ఇచ్చేశాడని ఆయనకు తెలిసిపోతుంది. చెప్పకపోతే అక్క తన భర్తను మరిచిపోయిందనే అనుకుంటూ ఉంటాడు. ఆమె మరిచిపోలేదన్నా, ఆ ఒక్క ముక్కయినా చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాను. ఆయన లేచి చెప్పులు వేసుకుని వెళ్లేదాకా తల వంచుకుని మిషను తొక్కుతూనే ఉంటాను.